దారి పక్కనే పథ్యం: నాయుడుపేట కూడలిలో బాటసారి ఆహారం

ప్రయాణం ముగించుకొని ఇల్లు చేరిన మరునాడే వైద్యుని వద్దకు పరుగెత్తేవారు మనలో చాలామంది ఉన్నారు. తిరుపతి వెళ్లివచ్చినప్పటి నుంచి కడుపు ఉబ్బరమని ఒకరంటారు. రెండు రోజులుగా విరేచనం కాలేదని మరొకరు, మూత్రంలో మంట అని ఇంకొకరు. ఈ చివరి మాట చెప్పేవారిలో ఎక్కువమంది స్త్రీలే. అందరూ నిందించేది ప్రయాణపు బడలికను. కొంచెం లోతుగా ప్రశ్నిస్తే కారణాలు మూడే తేలతాయి: దారిలో తిన్నది, దారిలో తాగనిది, దారిలో ఆపుకొన్నది.

ఈ మూడింటినీ ఒకేచోట పరిశీలించడానికి నాయుడుపేట కూడలి వంటి స్థలం మరొకటి దొరకదు. చెన్నై నుంచి కలకత్తా వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద, చెన్నైకి సుమారు 110 కిలోమీటర్లు, నెల్లూరుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు ఇది. శ్రీకాళహస్తి మీదుగా తిరుపతికి పోయే 71వ నంబరు రహదారి ఇక్కడే చీలుతుంది. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు ఆ తరువాత తిరుపతి జిల్లాలో చేరింది. ఉత్తరాది జిల్లాల నుంచి వెంకటేశ్వరుని దర్శనానికి రోడ్డు మీద వచ్చే బస్సులు, కార్లు చాలావరకు ఇక్కడ మలుపు తిరగవలసినవే. తెల్లవారుజామున నిద్రకళ్లతో దిగేవారు, మధ్యాహ్నపు ఎండలో దాహంతో దిగేవారు, దర్శనానంతరం ఖాళీ కడుపుతో దిగేవారు, అందరూ ఈ కూడలిలో ఏదో ఒకటి కొని నోట వేసుకొంటారు. ఆ ‘ఏదో ఒకటి’ ఏమిటన్నదే మన ప్రశ్న.

పేట, సత్రం

ఊరి పేరులోనే సమాధానం సగం ఉన్నది. పేట అంటే అంగళ్లు వెలసిన చోటు. ఇక్కడి నుంచి సూళ్లూరుపేట వైపు వెళ్తుంటే దొరవారిసత్రం అనే ఊరు తగులుతుంది. నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లేవారికి ఆ పేరు పరిచితమే. సత్రం అంటే చెప్పనక్కరలేదు: బాటసారి కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, పట్టెడన్నం తిని, ఒక రాత్రి పడుకొని పోయే చోటు. పాతకాలపు బాటల మీద పేట, సత్రం ఒకదాని తరువాత ఒకటి వచ్చేవి. చుట్టుపక్కల పొలాల్లో పండినదే పేటకు వచ్చేది, పేటలో దొరికినదే సత్రంలో వండేవారు. బాటసారికి తెలియకుండానే ఆ నేలకు, ఆ కాలానికి తగిన ఆహారం లభించేది.

స్వర్ణ చతుర్భుజి పథకంలో ఈ దారి నాలుగు వరుసలుగా మారిన తరువాత వాహనాల వేగం పెరిగింది. ఆగే చోట్లు తగ్గాయి. ఆగినచోట అద్దాల బీరువాల్లో కనిపించేది ఏ ఊరిలోనైనా ఒకే సరుకు: ఎక్కడో తయారై, నెలల తరబడి నిలువ ఉండేటట్లు ఉప్పు, నూనె, చక్కెర దట్టించిన పొట్లాలు, రంగునీళ్ల సీసాలు. దానికి పది అడుగుల దూరంలోనే గంపలో తాటిముంజలు పెట్టుకొని ఒక ముసలమ్మ గోనెపట్టా మీద కూర్చొని ఉంటుంది. కారులో చల్లగా కూర్చొన్న మనకు ఆమె గంప కనబడదు. కనబడినా శుభ్రం మీద అనుమానం. ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. దాని సంగతి ముందు చెబుతాను.

జపాను దేశంలో ఈ సమస్యకు ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. అక్కడ దానిని ‘మిచి నో ఎకి’ అంటారు, అనగా దారి స్టేషన్. రైలుకు స్టేషన్లు ఉన్నప్పుడు రోడ్డుకు మాత్రం ఎందుకుండరాదన్న ఆలోచన అది. 1993లో మొదట 103 చోట్ల గుర్తింపు ఇచ్చారు. నేడు అటువంటివి 1,200కు పైగా ఉన్నాయి. రుసుము తీసుకొనే వేగరహదారుల మీద కాక, పల్లెల గుండా పోయే మామూలు రోడ్ల మీదనే వీటిని ఎక్కువగా కట్టారు. ప్రతి దానిలోను రాత్రింబవళ్లు తెరచి ఉండే మరుగుదొడ్లు, రుసుము లేకుండా బండి నిలుపుకొనే చోటు తప్పనిసరి. వాటిని ఆనుకొని చుట్టుపక్కల రైతుల అంగడి. ఉదయాన్నే రైతులు తమ కూరగాయలు తెచ్చి బల్లల మీద సర్ది, ధర తామే నిర్ణయించి, పొట్లం మీద తమ పేరు రాసిపెట్టి వెళ్తారు. కొన్నిచోట్ల రైతు ఫోటో కూడా ఉంటుంది. పక్కనే చిన్న భోజనశాల, అందులో ఆ ఊరి వంట. ఆ ఊరు ముల్లంగికి ప్రసిద్ధమైతే ముల్లంగి, కొండల్లోని ఊరైతే కొండకూరలు. ఎక్కడో కర్మాగారంలో తయారైనది తినడానికి అంతదూరం వచ్చి అక్కడ దిగవలసిన అవసరం లేదు కదా!

పేటను, సత్రాన్ని కలిపి ఒక కప్పు కింద పెడితే ఏమవుతుందో అదే ఈ దారి స్టేషన్. మనకు కొత్తది కాదు, మనం వదిలిపెట్టినది.

దేశం, కాలం అంటే ఏమిటి?

ఆహారాన్ని నిర్ణయించే ఎనిమిది విషయాలను చరకుడు విమానస్థానంలో చెప్పాడు. పదార్థపు స్వభావం, వండిన విధానం, దేనితో కలిపామన్నది, ఎంత తిన్నామన్నది, ఏ దేశం, ఏ కాలం, ఏ పద్ధతిలో తిన్నాం, తినేవాడు ఎవడు అన్నవి ఆ ఎనిమిది. ఇంట్లో ఉన్నప్పుడు ఈ ఎనిమిదింటిని అమ్మ చూసుకొంటుంది. బయటికి వచ్చినప్పుడు ఎవరూ చూడరు. అందుకే ప్రయాణంలో దేశకాలాలు రెండింటినైనా గట్టిగా పట్టుకోవాలి.

కాలం విషయంలో ఈ ప్రాంతానికి ఒక విశేషమున్నది. పుస్తకాల్లోని ఋతుచర్య శ్రావణ భాద్రపదాలను వర్షర్తువుగా చెబుతుంది. తెలుగునాట అధికభాగానికి అది సరిపోతుంది. కాని నెల్లూరు, సూళ్లూరుపేట, నాయుడుపేటల వైపు గట్టి వానలు పడేది ఈశాన్య ఋతుపవనాలతో, అనగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. పంచాంగం శరత్తు, హేమంతం అంటున్న రోజుల్లో ఇక్కడ చెరువులు పొంగుతుంటాయి. వానకాలంలో జఠరాగ్ని మందగిస్తుందని, నీరు చెడుతుందని శాస్త్రం చెప్పిన జాగ్రత్తలను ఈ తీరంలో కార్తిక మార్గశిరాల్లోనే పాటించాలి. కార్తిక యాత్రలు, అయ్యప్ప దీక్షల ప్రయాణాలు కూడా సరిగ్గా ఆ నెలల్లోనే సాగుతాయి. ఆ రోజుల్లో ఈ దారిన పోయేవారు కాచిన నీరు, వేడిగా దించిన ఇడ్లీ, మిరియాల చారు, శొంఠి కాఫీ వంటివాటితో సరిపెట్టుకోవడం మేలు. కోసి ఉంచిన పండ్ల ముక్కలు, పచ్చి చట్నీ, చల్లని రసాలు ఆ మూడు నెలలు మానవలసినవే.

తాటిచెట్టు చేసే ఉపకారం

ఈ దారి పక్క అంగళ్లలో మొదట పేర్కొనదగినది తాటిచెట్టు. ఇసుక నేలల్లో, నీరు పెట్టేవాడు లేకుండా, ఎరువు వేసేవాడు లేకుండా పెరిగే చెట్టు ఇది. ఏడాదిలో మూడు నాలుగు రూపాల్లో బాటసారికి ఆహారమవుతున్నది.

వేసవిలో ముంజలు. లేత ముంజలో అధికభాగం నీరే. కొద్దిపాటి తీపి, కొద్దిగా పీచు. భావప్రకాశం తాటి లేత గుజ్జును వాతపిత్తహరమని, అయితే శ్లేష్మాన్ని పెంచుతుందని చెబుతున్నది. మే నెల ఎండలో బస్సు దిగినవానికి ఇంతకన్న ఉచితమైన ఫలహారం లేదు. కొనేటప్పుడు ఒక్క సంగతి గమనించాలి. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి, పొడిస్తే నీరు చిమ్మాలి. గట్టిపడి కొబ్బరిముక్కలా పలపలలాడే ముంజ తింటే కడుపునొప్పి తప్పదు. పిల్లలకు పెట్టేటప్పుడు ఇది మరింత ముఖ్యం. “లేతవేనా పెద్దమ్మా?” అని అడిగితే కాదని ఎవరూ చెప్పరు గనుక, మన కళ్ల ముందే కాయ కొట్టించుకోవడం ఉత్తమం. ముందే ఒలిచి బేసిన్‌లో నీళ్లలో వేసి ఉంచినవి కొనరాదు. ఆ నీరు ఎక్కడిదో మనకు తెలియదు. కాయ కొట్టించుకొన్నప్పుడు ముంజ సహజంగా పొరలో మూసి ఉంటుంది. ఆ పొర ఉన్నంతవరకు లోపలిది శుభ్రమే. పైపొర వగరుగా ఉంటుందని చాలామంది తీసిపారేస్తారు. పల్చని ఆ పొరతోనే తినడం పెద్దల అలవాటు. పడిశం, దగ్గు, ఉబ్బసం ఉన్నవారు రెండు మూడింటితో ఆపాలి.

ఆ ముంజే చెట్టు మీద ముదిరి తాటిపండవుతుంది. వాసన బాగుంటుంది, కాని భావప్రకాశం దీనిని ఆలస్యంగా అరిగేదిగా చెప్పింది. ప్రయాణంలో దాని జోలికి పోకపోవడం మంచిది. పండు టెంకలను మట్టిలో పాతిపెడితే కొన్ని నెలలకు మొలకలు నేలలోకి దిగి తేగలవుతాయి. సంక్రాంతి ముందు వెనుకల్లో ఉడికించిన తేగల కట్టలు ఈ దారుల వెంట అమ్మకానికి వస్తాయి. పీచు, పిండిపదార్థం దండిగా ఉన్న ఆహారమిది. ఒకటి తింటే ఆకలి రెండు గంటలు వాయిదా పడుతుంది. యాత్రలో మలబద్ధకంతో బాధపడేవారికి తేగ మంచిదే, కాని బాగా నమిలి, వెంట గోరువెచ్చని నీరు తాగాలి. వాతతత్వం గలవారికి ఉబ్బరం చేస్తుంది. అటువంటివారు చిటికెడు మిరియాలపొడి, ఉప్పు అద్దుకొని తినడం వాడుక. చలికాలపు పొద్దున బొగ్గుల మీద కాల్చిన తేగ రుచి వేరు. అది తెలిసినవారికి వర్ణించనక్కరలేదు.

నాలుగవది తాటిబెల్లం. ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. తాటిబెల్లం మధుమేహ రోగులు నిర్భయంగా వాడవచ్చునని దారి పక్క అంగళ్లలోనే కాక పట్టణాల్లోని పెద్ద దుకాణాల్లో కూడా చెబుతున్నారు. అది సత్యం కాదు. తాటిబెల్లంలో ప్రధానమైనది చక్కెరే. శుద్ధిచేసిన పంచదారలో లేని ఖనిజలవణాలు కొంత ఉండవచ్చును, కాని రక్తంలోని చక్కెరను పెంచడంలో రెండూ ఒకటే. మధుమేహం లేనివారు శొంఠి, మిరియాలతో కషాయం కాచుకోవడానికి తాటిబెల్లం శ్రేష్ఠం. ముదురు రంగు, కొద్దిగా పొగవాసన, నాలుక మీద చిన్న వగరు, ఇవి దాని గుర్తులు. చెరకుబెల్లం విషయంలో కూడా పచ్చగా మెరిసే అచ్చుకన్న గోధుమ నలుపు కలిసిన అచ్చును ఎంచుకోవాలి. తెలుపు కోసం ‘హైడ్రోస్’ అనే గంధక రసాయనం వేయడం చాలాచోట్ల ఉన్న అలవాటే. చిత్తూరు వైపు బెల్లం పేరెన్నికగన్నది. అడిగితే మందు వేయని నల్లబెల్లం చూపించే అంగళ్లు ఇంకా ఉన్నాయి.

మిగిలిన గంపలు

గూడూరు ప్రాంతం నిమ్మతోటలకు ప్రసిద్ధి. అక్కడి కాయలు నాయుడుపేట అంగళ్లకు రావడానికి దూరం లేదు. తిరుపతి పరిశోధన కేంద్రం రూపొందించిన నిమ్మరకానికి ‘బాలాజీ’ అని పేరు కూడా పెట్టారు. ప్రయాణంలో నిమ్మకాయకు మించిన స్నేహితుడు లేదు. వాంతి వచ్చేటట్లున్నప్పుడు వాసన చూడటానికి, నీళ్లలో పిండుకోవడానికి, ఎండదెబ్బ తగలకుండా ఉప్పు చక్కెర కలిపి తాగడానికి పనికివస్తుంది. నాలుగు కాయలు, చిన్న ఉప్పు పొట్లం, ఇంటి నుంచి తెచ్చుకొన్న కాచిన నీళ్ల సీసా ఉంటే మీరే షర్బత్ చేసుకోవచ్చును. బండి మీద ఇచ్చే షర్బత్‌లో నిమ్మరసం మంచిదే. అందులో వేసే మంచుగడ్డ ఏ నీటితో చేశారో అమ్మేవానికి కూడా తెలియదు.

విరేచనాలు పట్టుకొన్నప్పుడు మాత్రం నిమ్మ షర్బత్ చాలదు. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాలు టీ చెంచాలే, అంచుకు సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

చెరకురసం గురించి ఒక మాట. కామెర్లు వచ్చినవారికి చెరకురసం పట్టడం మన ఇళ్లలో పాత ఆచారం. అయితే కామెర్లలో నీటి ద్వారా, ఆహారం ద్వారా వ్యాపించే రకాలున్నవి. ఈగలు ముసిరే యంత్రం, కడగని గ్లాసు, పేరు తెలియని మంచుగడ్డ ఉన్నచోట చెరకురసం తాగి కామెర్లు తెచ్చుకోవడం కూడా సాధ్యమే. అది విడ్డూరమనిపించినా నిజం. చెరకు గడనే కొని, కడిగి, చెక్కు తీసి నమలండి. పళ్లు గట్టిగా ఉన్నవారికి అది రసంకన్న మేలు.

వేరుశనగ మన ప్రాచీన గ్రంథాల్లో కనిపించదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. అయినా రాయలసీమ దానిని తన బిడ్డలా పెంచుకొన్నది. ఉప్పునీళ్లలో పొట్టుతో ఉడికించిన చెనక్కాయలు ప్రయాణానికి చాలా అనుకూలమైనవి. పొట్టు ఉన్నందువల్ల దుమ్ము తగలదు, వేడిగా దొరుకుతాయి, మాంసకృత్తులు బాగా ఉన్నవి. గుప్పెడు చాలు. పొట్టు మీద నల్లని లేదా పచ్చని బూజు ఉన్నా, గింజ చేదుగా ఉన్నా వెంటనే ఉమ్మివేయాలి. ఆ బూజులోని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఉడికించినా పూర్తిగా పోదు.

రాగి అంబలి వేసవిలో దారుల పక్క కుండల్లో కనిపిస్తుంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. బియ్యంలో దానిలో ఇరవయ్యవ వంతు కూడా లేదు. మజ్జిగ, ఉల్లిపాయ కలిపి ఇస్తారు. మధుమేహ రోగులు పల్చని అంబలి గటగటా తాగరాదు. పిండి మెత్తగా ఉడికినందున చక్కెర త్వరగా పెరుగుతుంది. వారికి ముద్దగా కలియబెట్టిన సంకటి, ఆకుకూర పప్పుతో కొద్ది పరిమాణంలో తినడం నయం. అంబలి బండి వద్ద గ్లాసులు ఎలా కడుగుతున్నారో ఒక నిమిషం నిలబడి చూడండి. ఒకే బకెట్టులో ముంచి తీస్తున్నట్లయితే మీ వెంట తెచ్చుకొన్న గ్లాసు చాపండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మామిడిపండ్ల కాలంలో తోతాపురి, బేనీషా, నీలం రాశులు పోసి ఉంటాయి. కార్బైడుతో మాగబెట్టడం చట్టరీత్యా నిషిద్ధం, అయినా ఆగలేదు. కాయ అంతా ఒకే పసుపు రంగులో ఉండి, తొడిమ వద్ద వాసన లేకపోతే అనుమానించండి. ఎటువంటి పండునైనా గంటసేపు నీళ్లలో నానబెట్టి, కడిగి, చెక్కు తీసి తినడం నియమంగా పెట్టుకోవాలి. అందుచేత మామిడిని దారిలో కొని ఇంట్లో తినడమే సరైనది. సీతాఫలం కూడా అంతే. దాని గింజలను నూరి పేలకు తలకు రాసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. ఆ పొడి కంటిలో పడితే నల్లగుడ్డు మీద పుండు పడి చూపు దెబ్బతినే ప్రమాదమున్నది. ఆ వైద్యం మానండి.

బకెట్టులో తేనెతుట్టె చూపించి అమ్మే తేనె సంగతి ఏమిటని పాఠకులు అడగవచ్చును. తుట్టె నిజమైనది కావచ్చు, కింద ఉన్నది బెల్లపు పాకం కావచ్చు. నీటిలో చుక్క వేసి చూడటం, వత్తి ముంచి వెలిగించడం వంటి ఇంటి పరీక్షలు నమ్మదగినవి కావు. ఏడాది నిండని పసిబిడ్డలకు అసలైన తేనె కూడా నాకించరాదు.

ఆపుకొన్నది

ఇంతవరకు తిన్నదాని గురించి చెప్పుకొన్నాం. తాగనిది, ఆపుకొన్నది అనే రెండూ నిజానికి ఒకే సమస్య. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో మన ఇళ్లలోని స్త్రీలు ప్రయాణపు రోజు పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానివేస్తారు. ఆరేడు గంటలు గొంతు తడపకుండా, మూత్రం బిగబట్టుకొని కూర్చొంటారు. మగవారు ఈ సంగతి గమనించరు. అడిగినా వారు చెప్పరు.

మూత్రం, మలం, అపానవాయువు, ఆకలి, దాహం, నిద్ర మొదలైన 13 వేగాలను బలవంతంగా ఆపరాదని చరకుడు ఒక అధ్యాయమే రాశాడు. మూత్రవేగాన్ని ఆపితే పొత్తికడుపులో, మూత్రమార్గంలో నొప్పి, మూత్రకృచ్ఛ్రం, తలనొప్పి కలుగుతాయని, మలవేగాన్ని ఆపితే కడుపునొప్పి, పిక్కల పట్లు, ఉబ్బరం కలుగుతాయని అందులో ఉన్నది. దాహాన్ని ఆపితే నోరు, గొంతు ఎండి నీరసం వస్తుందని కూడా చెప్పాడు. నేటి వైద్యం దానినే మరొక విధంగా చెబుతున్నది: నీరు తక్కువై, మూత్రం ఎక్కువసేపు నిలిచినచోట సూక్ష్మజీవులు వృద్ధి పొందుతాయి, నీటిశాతం తక్కువైనవారిలో మూత్రపిండాల రాళ్లకు అవకాశం పెరుగుతుంది. గర్భిణులకు, మధుమేహం ఉన్నవారికి ఇది మరింత హాని.

కాబట్టి ఇంటి యజమానులకు నా మనవి ఒక్కటే. భోజనం కోసం ఎక్కడ ఆగాలో ఆలోచించే ముందు, మరుగుదొడ్డి ఎక్కడ శుభ్రంగా ఉంటుందో ఆలోచించండి. రెండు గంటలకు ఒకసారి బండి ఆపించండి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉంటాయి, తాళం అడగడానికి మొహమాటపడవద్దు. గంటకొక అర గ్లాసు చొప్పున నీరు తాగితే మూత్రం లేత గడ్డి రంగులో ఉంటుంది. ముదురు పసుపు కనిపించిందంటే నీరు చాలలేదని గుర్తు. ఇల్లు చేరాక మంట ఉంటే ఒక పూట బార్లీ నీళ్లు, ధనియాల కషాయం, పల్చని మజ్జిగ తాగి చూడవచ్చును. చలితో జ్వరం వచ్చినా, నడుము పక్కల నొప్పి ఉన్నా, మూత్రంలో రక్తం కనిపించినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వైద్యుని చూడాలి.

జపాను దారి స్టేషన్లను నేను మెచ్చుకొనేది అక్కడి కూరగాయల కోసం మాత్రమే కాదు. మరుగుదొడ్డిని మొదట కట్టి, అంగడిని దాని పక్కన పెట్టారు. మరుగుదొడ్డి కోసం ఆగినవాడు ముల్లంగి కొని వెళ్తాడు. ఆ ముల్లంగి డబ్బు ఊరి రైతుకు చేరుతుంది.

2011లో భూకంపం, సముద్రపు ఉప్పెన వచ్చినప్పుడు ఆ స్టేషన్లే తలదాచుకొనే చోట్లు, అన్నం పెట్టే చోట్లు అయ్యాయి. ఈ సంగతి మనకు దూరమైనదేమీ కాదు. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దాటిన తరువాత పడుగుపాడు వద్ద ఇదే జాతీయ రహదారి తెగింది. వాహనాలు నిలిచిపోయాయి. అటువంటి రాత్రి పిల్లలతో, ముసలివారితో రోడ్డు మీద చిక్కుకొన్న కుటుంబానికి ఒక దీపం, ఒక కప్పు, కాచిన నీళ్లు ఎంత అవసరమో ఊహించుకోండి.

రైతు పేరు

మన రాష్ట్రంలో ఇందుకు పునాది లేకపోలేదు. 1999 జనవరి 26న రైతుబజారులు ప్రారంభమయ్యాయి. దళారి లేకుండా, గుర్తింపు కార్డు ఉన్న రైతు తన సరుకు తానే అమ్ముకొనే ఏర్పాటు అది. పట్టణాల్లో కూరగాయలు కొనే మధ్యతరగతి కుటుంబాలకు దాని విలువ బాగా తెలుసు. ఆ ఏర్పాటునే రహదారి కూడలికి తెచ్చి, ఒక శుభ్రమైన కుళాయి, మరుగుదొడ్డి, నీడనిచ్చే కప్పు చేర్చితే గోనెపట్టా మీద ముసలమ్మకు, బస్సు దిగిన యాత్రికునికి ఇద్దరికీ చోటు దొరుకుతుంది. ఆమె గంప మీద మనకున్న శుభ్రత సందేహానికి సమాధానం కూడా అక్కడే ఉన్నది. నీళ్లు ఇవ్వకుండా శుభ్రత అడిగితే ఆమె ఎక్కడి నుంచి తెస్తుంది?

అటువంటిది వచ్చేవరకు కొనేవాడు చేయగలిగినది కొంత ఉన్నది. “ఇది ఏ ఊరి కాయ?” అని అడగండి. తన తోటదైతే ఊరిపేరు, తోట ఏ వైపున్నదో కూడా చెబుతారు. టోకు అంగడి నుంచి తెచ్చినదైతే తడబడతారు. అబద్ధమాడేవారు లేకపోలేదు గాని, రెండవ ప్రశ్న వేస్తే తెలిసిపోతుంది: “ఎప్పుడు కోశారమ్మా?” పొద్దున కోసినదాని తొడిమ పచ్చగా ఉంటుంది. బేరమాడటం మన హక్కే, కాని వంద రూపాయల పొట్లాన్ని మారుమాట లేకుండా కొని, డజను ముంజల దగ్గర ఐదు రూపాయల కోసం పది నిమిషాలు వాదించడం నాకు న్యాయమనిపించదు.

ఇంటికి తెచ్చిన తరువాత

తేగలు మిగిలితే నిలువుగా చీల్చి, నార తీసి, ముక్కలు చేసి రెండు మూడు ఎండల్లో ఎండబెట్టి మరపట్టించుకోవచ్చును. ఆ పిండిని జల్లించి, సగం బియ్యపు పిండి కలిపి, జీలకర్ర, ఉప్పు, పచ్చిమిరపకాయ వేసి రొట్టెలు కాల్చితే పిల్లలు కూడా ఇష్టంగా తింటారు. పిండిలో చేదు ఉంటే నానబెట్టి పైనీరు రెండుసార్లు వంపేయాలి.

తాటిబెల్లాన్ని దుమ్ము ఉంటుంది గనుక నేరుగా వాడక, కొద్ది నీటిలో కరిగించి వడగట్టి, మళ్లీ కాచి సీసాలో పోసుకోవాలి. ప్రయాణపు బడలిక తీరడానికి ఆ పాకం రెండు చెంచాలు, శొంఠి పొడి పావు చెంచా, నాలుగు మిరియాలు ఒక గ్లాసు నీటిలో వేసి ముప్పావు గ్లాసు అయ్యేవరకు మరగించి, ఆరిన తరువాత కాక వేడివేడిగా తాగాలి. కడుపులో మంట, అల్సరు ఉన్నవారు మిరియాలు వేయరాదు. ఉబ్బరం ప్రధానంగా ఉన్నవారు దీనికి బదులు వేయించిన వాము అర చెంచా, చిటికెడు సైంధవ లవణం నమిలి, గోరువెచ్చని నీరు తాగి, ఆ రాత్రికి పెసరకట్టు అన్నంతో సరిపెట్టుకోవాలి. నిమ్మకాయలు మిగిలినవి తడి లేకుండా తుడిచి, కాగితంలో చుట్టి ఉంచితే పది రోజులు చెడవు.